రేవు దాటనివ్వని దొంగ

కాంతామణి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. "ఇంకోసారి చెప్పు నాయనా" అంటారు. వినబడక కాదు. డెబ్భై రెండేళ్ళ వయసులో కూడా పక్కగదిలో పిల్లలు వాయిస్తుంటే, తీగ వెంట్రుకవాసి దిగినా ఆవిడకి తెలిసిపోతుంది. అడిగినవాడు రెండోసారి అడిగేసరికి ప్రశ్నలో అక్కర్లేనిదంతా ఊడిపోతుందని ఆవిడ నమ్మకం. రాజమండ్రిలో ఆవిడ దగ్గర వయొలిన్ నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మృదంగం వాణ్ణి. పాఠాల్లో తాళానికి సాయంగా వెళ్ళడం మొదలుపెట్టి, ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంటి మనిషినైపోయాను. ఆవిడని నేనడిగిన ప్రశ్నల్లో చాలావరకు రెండోసారికి పూర్తిగా ఊడిపోయినవే.

కిందటి ఆషాఢంలో ఉదయభాస్కర్ అడిగిన ప్రశ్న మాత్రం ఊడలేదు. రెండోసారికి ఇంకా బరువెక్కింది. ఉదయభాస్కర్ ఆవిడ శిష్యుల్లో అందరికంటే పేరు తెచ్చుకున్నవాడు. అందరం భాస్కర్ అంటాం, ఆవిడ మాత్రం భాస్కరం అంటారు. కచేరీలో గాయకుడికి ఎడమపక్క అతను, కుడిపక్క నేను కూర్చునేవాళ్ళం. అతని చేతి వేగం అలాంటిలాంటిది కాదు. పాడేవాళ్ళు ఒక సంగతి వేస్తే, అది వాళ్ళ గొంతులోంచి పూర్తిగా బయటికి రాకముందే అతని కమాను దాన్ని అందుకునేది. సభ ఊగిపోయేది. నా తని, అంటే మృదంగం ఒక్కటే మోగే వంతు, వచ్చేసరికి కాఫీకి లేచిపోయే జనమే అతని ప్రతి పరుగుకీ చప్పట్లు కొట్టేవారు. నేను లోలోపల కుళ్ళుకున్నాను, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు? ఆ సందట్లో తమ సంగతి తామే పూర్తిచెయ్యలేక ఒకరిద్దరు గాయకుల మొహాలు చిన్నబోవడం కూడా నేను చూశాను గాని, చూసి ఊరుకున్నాను.

మాఘమాసంలో బండి జారి అతని ఎడమ మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది గాని, ఉంగరపు వేలు మునుపటిలా లేదు. పిలిస్తే రాకపోవడం లేదు, కాస్త ఆలోచించుకుని వస్తుంది. అయిదు నెలలు చూశాడు. చివరికి ఒకరోజు పొద్దున్నే వయొలిన్ పెట్టె పట్టుకొచ్చి ఆవిడ ముందు చాప మీద పెట్టాడు. అది ఆవిడ సొంత వయొలిన్. పద్నాలుగేళ్ళ కిందట "ఇంక ఇది నీది" అని తన చేత్తో ఇచ్చినది.

"గురువుగారూ, వేగం పోయినవాడు ఇంకా కచేరీల్లో కూర్చోవడం మర్యాదేనా అండి?"

"ఇంకోసారి చెప్పు నాయనా."

భాస్కర్ చాప అంచు గోకుతూ మళ్ళీ చెప్పాడు. "నా దగ్గర వేగం ఒక్కటే ఉండేదని ఇప్పుడు తెలిసిందండి. అది పోయాక ఇంకేం మిగల్లేదు. నేను మానేస్తాను. దీన్ని మీరు తీసేసుకుని తగినవాళ్ళకి ఇవ్వండి."

నా కళ్ళు చెమర్చాయి. కుళ్ళుకున్నవాణ్ణి నేనే, ఏడుపొచ్చిందీ నాకే. ఆవిడ పెట్టె మీద చెయ్యి వెయ్యలేదు. "పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావు?" అని అడిగారు, ఆ మాటకీ దీనికీ సంబంధం లేనట్టు.

అతను సిగ్గుపడ్డాడు. నలభై మూడేళ్ళవాడు చెప్పుకునే సంగతి కాదది. "కంప్యూటర్లో ఆట ఆడుతున్నానండి" అన్నాడు. వేళ్ళకి ఏదో ఒక పని చెప్పమని డాక్టరు అన్నాడట. వయొలిన్ ముట్టుకుంటే దుఃఖం వస్తోంది. డిగ్రీ చదివే రోజుల్లో నెట్ సెంటర్లో ఆటల్లో అతన్ని కొట్టినవాడు లేడు, అందుకని ఇరవై ఏళ్ళకి మళ్ళీ అటు వెళ్ళాడు. తీరా చూస్తే ఇది అప్పటి ఆటల్లాంటిది కాదు. ఎప్పుడో రాజుల కాలం, ఎక్కడో పడమటి దేశం. అందులో మనవాడు ఒక పిండిమర వాడి కొడుకు. కత్తి పట్టడం రాదు. ఆకలేస్తే నీరసపడతాడు, పరిగెడితే ఆయాసపడతాడు. చచ్చిపోతే, చివరిసారి ఏ సత్రంలో నిద్రపోయాడో ఆ మంచం మీద మళ్ళీ లేవాలి, దారంతా మళ్ళీ నడవాలి. ఏటి రేవు దగ్గర ఒక దొంగ కాపు కాసి ఉన్నాడు.

"పదమూడు రోజులుగా ఆ రేవు దాటలేకపోతున్నానండి. అక్కడ కూడా పనికిరాకుండా పోయాను" అన్నాడు భాస్కర్.

"రేపు మీ ఇంటికొస్తాను. ఆ దొంగని నాకు చూపించు" అన్నారు ఆవిడ. అతను పెట్టె వదిలేసి లేవబోతుంటే, "అది తీసుకెళ్ళు. నేనింకా ఏమీ అనలేదు కదా" అన్నారు.

మర్నాడు పదింటికి ఆవిడని నేనే ఆటోలో తీసుకెళ్ళాను. గురువుగారు వస్తున్నారని భాస్కర్ ఉతికిన లాల్చీ వేసుకుని, పాఠానికి కూర్చున్నట్టు కంప్యూటర్ ముందు నిటారుగా కూర్చున్నాడు. అతని భార్య లావణ్య మాకు కాఫీ ఇచ్చి, ఈ తతంగం ఎటు పోతుందో తెలియక తలుపు దగ్గరే నిలబడింది. వయొలిన్ పెట్టె వెనక మంచం మీద ఉంది.

తెర మీద మనవాడు సత్రంలో నిద్ర లేచాడు. బయటికి వచ్చి కోట పక్కనున్న మైదానంలోకి వెళ్ళాడు. అక్కడ ఒక కన్ను మూసుకుపోయిన ముసలాయన కర్రకత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనవాణ్ణి చూసి ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. భాస్కర్ టక్కున ఒక బటన్ నొక్కాడు. ముసలాయన మాట సగంలో తెగిపోయింది.

"ఆయనెవరు?" అన్నారు కాంతామణి గారు.

"కత్తిసాము నేర్పేవాడండి."

"అంటే గురువు."

"ఆటలో గురువేనండి."

"మరి నోరు తెరవగానే ఆపేశాడేం?"

"నేనే స్కిప్ చేశానండి. ఇలా నొక్కితే మాటలన్నీ పోతాయి. అవి వినక్కర్లేదు."

ఆవిడ మొహం చూసి నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. పాఠం మధ్యలో ఎవరైనా మాటకి అడ్డొస్తే ఆవిడ ఆ రోజుకి కమాను దించేయడం నేను ఎరుగుదును. "పెద్దాయన చెబుతుంటే నోరు నొక్కేస్తావా?" అన్నారు.

"గురువుగారూ, అది బొమ్మండి."

"బొమ్మయితే పదమూడు రోజులుగా ఎందుకు ఏడుస్తున్నావు?"

అప్పట్లో అందరూ అలాగే చేసేవారని సంజాయిషీ చెప్పుకున్నాడు. నెట్ సెంటర్లో ఒక్కొక్కరికి గంటసేపే కుర్చీ ఇచ్చేవారు. తరవాతి నలుగురు ఆ కుర్చీ వీపు పట్టుకుని వెనకాలే నిలబడేవారు. ఆటలోవాళ్ళ మాటలు వింటూ కూర్చుంటే వెనక నుంచి తిట్లు. అందుకని మాట మొదలవగానే నొక్కేయడం వేలికి అలవాటైపోయింది. ఇన్ని ఆటలు ఆడాడు గాని, ఏ ఆటలో ఏం కథ ఉందో అతనికి ఒక్కటీ తెలియదు.

"ఇప్పుడు నీ వెనక ఎవరున్నారు?" అని అడిగారు ఆవిడ.

భాస్కర్ నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. నేనున్నాను, మంచం మీద పెట్టె ఉంది. చూసి మళ్ళీ ఇటు తిరిగాడు.

"ఆయన్ని మొదటినుంచి చెప్పమను. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఒక్కొక్క మాటా నువ్వు తెలుగులో చెప్పు" అన్నారు.

అలా మొదలైంది. ముసలాయన ఒక మాట అంటాడు, భాస్కర్ దాన్ని ఆవిడకి తెలుగులో చెబుతాడు. తెలుగులో చెప్పాలంటే అతను వినక తప్పదు కదా. ముసలాయన చెప్పింది పెద్ద విద్యేమీ కాదు. కత్తి విసిరిన ప్రతిసారీ నీ ఊపిరి తరిగిపోతుంది. ఎదుటివాడి కత్తిని చూడకు, కత్తిని చూసేవాడికి అప్పటికే ఆలస్యమైపోతుంది. భుజాన్ని చూడు. భుజం కదలకుండా కత్తి కదలదు. అది కదిలేదాకా ఆగు, కదిలాక పక్కకి తప్పుకో. ఆగడం రాకే నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది పోయారు.

"భేష్" అన్నారు కాంతామణి గారు, కచేరీలో ముందు వరసలో కూర్చుని అన్నట్టు. "ఇంకోసారి చెప్పించు."

ఇంకోసారి చెప్పించాడు. మూడోసారి కూడా చెప్పించారు ఆవిడ. ఈసారి ముసలాయన పెదవి కదపగానే భాస్కర్ తెలుగు అందుకున్నాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "ముందే అనేయకు. ఆయన్ని అననీ."

తరవాత రేవుకి బయల్దేరాడు. అడవిలో చాలాదూరం నడవాలి. మనవాడి కాళ్ళ చప్పుడు, ఆకుల గలగల తప్ప ఏమీ లేదు. నిజం చెప్పొద్దూ, నాకు కునుకు పట్టింది. ఆవిడ మాత్రం పెరట్లో కూర్చున్నంత హాయిగా చూస్తూ, ఒకచోట "ఆగరా, ఆ పిట్టేదో కూస్తోంది" అన్నారు. పదమూడు రోజులుగా ఆ దారిన నడుస్తున్న భాస్కర్‌కి అక్కడ పిట్ట కూస్తుందని తెలియదు.

రేవు దగ్గర దొంగ కనబడగానే విన్నదంతా గాలికిపోయింది. పాత నెట్ సెంటర్ కుర్రాడు నిద్రలేచాడు. వేళ్ళు దడదడలాడాయి, మనవాడు నాలుగు దెబ్బలు కొట్టి రొప్పుతూ నిలబడ్డాడు, దొంగ ఒక్క వేటు వేశాడు. తెర నల్లబడింది. మళ్ళీ సత్రం, మళ్ళీ మంచం.

"మళ్ళీ" అన్నారు ఆవిడ. వేలు తప్పు పడినప్పుడు పిల్లలతో అనేది కూడా అదే మాట, అదే గొంతు.

రెండోసారి కాసేపు ఆగగలిగాడు, తరవాత ఆగలేకపోయాడు. మూడోసారి నడిచి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. లావణ్య కూడా వచ్చి మా పక్కన కూర్చుంది. దొంగ ఎదురుపడ్డాడు. భాస్కర్ కదలలేదు. పక్కకి తప్పుకునే బటన్ అతని ఎడమచేతి ఉంగరపు వేలి కిందే ఉంటుంది. నేను మృదంగం వాణ్ణి, దెబ్బకీ దెబ్బకీ మధ్య చోటు నాకు తెలుస్తుంది. దొంగ భుజం లేచింది, కత్తి ఇంకా లేవలేదు. ఆ రెండింటి మధ్యా ఒక చిన్న చోటు ఉంది. ఉంగరపు వేలు ఎప్పటిలాగే ఆలోచించుకుని, ఆలస్యంగానే దిగింది. దిగి ఆ చోటులో సరిగ్గా కూర్చుంది. మనవాడు పక్కకి జరిగాడు, కత్తి గాలిలో పోయింది.

అలా ఎనిమిది సార్లో తొమ్మిది సార్లో జరిగింది. భాస్కర్ ఒక్కసారీ కొట్టలేదు. చివరికి ఆయాసపడింది దొంగే. కత్తి పారేసి రేవులో ఇసక మీద మోకాళ్ళ మీద కూలబడి, తలెత్తి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

భాస్కర్ వేలు అలవాటు చొప్పున మాటలు ఆపే బటన్ మీదికి వెళ్ళింది. వెళ్ళి, దాని పైన గాలిలో ఆగింది. అతను చేతిని వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దొంగ తన పేరు చెప్పాడు. ఒకప్పుడు వాడి తండ్రి ఈ రేవులోనే పడవ నడిపేవాడట. ఎవరూ అడగకుండానే భాస్కర్ అవన్నీ మెల్లగా తెలుగులో చెబుతున్నాడు. పదమూడు రోజులు వాడి చేతిలో చచ్చాడు గాని, వాడికొక పేరుందని అతనికి అప్పుడే తెలిసింది. దొంగ చెప్పడం పూర్తయ్యాక కూడా అతను కాసేపు ఏమీ నొక్కకుండా కూర్చున్నాడు. ఏటి నీళ్ళ చప్పుడు వినబడింది.

కాంతామణి గారు లేచి చెప్పుల కోసం చూసుకున్నారు. నేను ఆటో పిలిచాను. ఆవిడ ఎక్కి కూర్చునేసరికి భాస్కర్ పెట్టె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, నేను నిన్న అడిగినదానికి మీరేమీ చెప్పలేదు."

"ఇంకోసారి చెప్పు నాయనా."

అతను నోరు తెరిచాడు. "వేగం పోయినవాడు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. పెట్టె అతని చేతుల్లోనే ఉంది. ఆవిడ దానికోసం చెయ్యి చాపలేదు, అతనూ ముందుకు జరపలేదు. ఆటో డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగమన్నట్టు డ్రైవరు వీపు తట్టి, బయటికి వంగారు.

"పాడేవాళ్ళకి కూడా భుజాలుంటాయి భాస్కరం. ఇరవై ఏళ్ళు పక్కనే కూర్చున్నావు, ఎప్పుడైనా చూశావా?"