బతుకమ్మను బువ్వనుకున్న జింకపిల్లలు

అనగనగా ఒక మోదుగల అడవిలో పిట్టలకూ జింకలకూ కలిపి ఒకటే బడి ఉండేది. పిట్టలది ఒక భాష, జింకలది ఇంకో భాష. గోరింక పంతులమ్మకు రెండూ వచ్చు. నోరు ఊరుకోదు, రెక్క కుదురుగా ఉండదు. మనసు మాత్రం వెన్న.

బతుకమ్మ పండుగ వచ్చేస్తోంది! "ఈపాలి జింకపిల్లలు గూడ మనతోని ఆడాలె!" అంటూ గోరింక ఎగిరి గంతేసింది. మోదుగాకులు కుట్టి బొమ్మల పుస్తకం చేసింది. పసుపు తంగేడు, తెల్లటి గునుగు, ఎర్రటి బంతి, పళ్లెంలో ఎత్తుగా పేర్చిన బతుకమ్మ! ప్రతి బొమ్మ కిందా పిట్టల భాషలో ఒక వరుస రాసింది.

"మా మాటల గూడ రాయరాదు పంతులమ్మా?" అని అడిగింది జింక వదిన.

"బొమ్మ ఉండంగ మాటెందుకు వదినా? సూస్తె తెల్వదా?" అంది గోరింక. దానికి అంత తొందర మరి.

పండుగ తొలిరోజు పిట్టలు బతుకమ్మను పేర్చి పాట ఎత్తుకోబోయాయి. ఇంతలో జింక వదిన పిల్లలు మూడూ పరుగున వచ్చాయి. పెద్దది తంగేడు తినేసింది. నడిపిది గునుగు నమిలేసింది. బుడ్డది బంతిపూలన్నీ మింగి బ్రేవ్‌మంది.

పిట్టలు గగ్గోలు పెట్టాయి. బడి పెద్ద కొంగ తాతకు కోపం నషాళానికి అంటింది. "ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాడు గూడ ఇట్లనే అయితే పిట్టలకో బడి, జింకలకో బడి!" అని తేల్చి చెప్పేశాడు.

గోరింక గబుక్కున బుడ్డదాని పక్కన వాలింది. కలిసి చదివే పిల్లలను విడదీయడమా? "ఎందుకు తిన్నవు బిడ్డా?" అని బుడ్డదాన్ని అడిగింది.

"పుస్తకంల పళ్లెం నిండ పూలున్నయి గద! మా ఇంట్ల పూలంటె బువ్వే," అంటూ బుడ్డది వెక్కివెక్కి ఏడ్చింది.

గోరింక నాలుక కరుచుకుంది. తప్పు పిల్లలది కాదు, తనదే. నేరుగా జింక వదిన దగ్గరికి ఎగిరిపోయింది. "తప్పయింది వదినా. పూలను తినొద్దని మీ మాటల రాస్త."

జింక వదిన నవ్వింది. "వద్దంటె మావోళ్లు అసలే ఇనరు. 'ఈమె పూలమ్మ, మనందరికి అమ్మ' అని రాయి." ఇద్దరూ కూర్చుని ప్రతి బొమ్మ కిందా రెండో వరుస రాశారు. పిల్లలన్నిటికీ రెండు భాషల్లోనూ చదివి వినిపించారు.

సద్దుల బతుకమ్మ రానే వచ్చింది! బతుకమ్మ ఈసారి కొంగ తాత అంత ఎత్తు! బుడ్డది దగ్గరికి నడిచింది. నోట్లో నీళ్లూరాయి. మూతి ముందుకు చాచింది.

అప్పుడే ఒక పిచ్చుకపిల్ల వచ్చి గునుగు గింజలు టుకటుకా పొడవసాగింది. బుడ్డది గిరుక్కున తిరిగి కసిరింది. "ఓయ్! అమ్మను పొడుస్తరా ఎవరన్న? పుస్తకం సదవలే?"

అడవంతా గొల్లున నవ్వింది. కొంగ తాత నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "రా బిడ్డా, నా పక్కన నిలబడి ఆడు," అని పిలిచాడు. రెక్కలూ గిట్టలూ కలిసి చప్పట్లు మోగాయి. బడి ఒకటిగానే ఉండిపోయింది.

నీతి: పిల్లలకు వాళ్ల మాటలో చెప్పిన పండుగే వాళ్ల పండుగ అవుతుంది.