కుందేలింటి కావలి తీగ

గుట్ట మీద అందరికంటే పెద్ద చెవులు కుందేలువి. ఆ కుందేలే నక్క మాట విని ఇంటికి కావలి తీగ కట్టించుకుంది. ఎందుకమ్మా నీకు అంటే, అందరూ కట్టించుకున్నారుగా అంది.

ఆ తీగ సంగతేందంటే, గుట్ట కొన మీద మద్దిచెట్టు ఎక్కి ఒక కొండముచ్చు కూర్చుంటది. కింద వాగు దగ్గర చిరుత కనపడగానే తీగ లాగుద్ది. తీగ రెండో కొస మన గుమ్మంలో ఉంటది. దానికి కట్టిన ఎండుకాయలు గలగలమంటాయి. అది వినగానే పిల్లాజెల్లాతో లోపలికి దూరడమే. తీగలన్నీ నక్క గురవయ్యవి. కొండముచ్చు అతని దగ్గర కూలికుంది.

కుందేలు నాంచారి ఇంటికి గురవయ్య తనే వచ్చాడు, తీగ భుజాన వేసుకుని.

"అమ్మాయ్ నాంచారీ! ఇంక చెవులు నిక్కబెట్టుకుని కూర్చునే ఖర్మ నీకు లేదు. నిమ్మళంగా మెయ్యి, నిమ్మళంగా పడుకో. చిరుత వాగు దాటకముందే నీ గుమ్మంలో మోగుద్ది."

"నేనేం ఇవ్వాలి మామా?"

"రోజూ పొద్దున్నే కాసిని రేగుపళ్లు, కాపు అయిపోతే ఎండువైనా సరే. తొలకరి దాకా."

"మధ్యలో వద్దనుకుంటే?"

"బంగారం లాంటి తీగ, ఎందుకు వద్దనుకుంటావ్?"

"అనుకుంటేనో?"

"అనుకుంటే నీ కలుగు నాకిచ్చి పోతావ్. ఊరికే మాటవరసకి పెట్టిన షరతే. ఇప్పటిదాకా ఎవరన్నా ఇచ్చారేమో అడుగు."

ఎవరూ ఇవ్వని మాట నిజమే. ఆ భయానికి ఎవరూ మానలేదు కూడా. అది నాంచారికి అప్పుడు తోచలా.

ఆ గుట్ట మీద ఒక పద్ధతుంది. మాట ఇచ్చేవాళ్లు వాగు ఒడ్డున రాతి మీద కాలు పెట్టి చెప్పాలి, వాగులో ఉండే తాబేలు తాత వినాలి. నాంచారి కాలు పెట్టి తన మాట చెప్పింది. గురవయ్య కూడా కాలు పెట్టి, చిరుత వాగు దాటకముందే తీగ మోగుద్దని చెప్పాడు. తాత తల బయటపెట్టి ఇద్దరి మాటా విని మళ్లీ నీళ్లలోకి పోయాడు.

మొదట్లో బాగానే ఉంది. మోగితే దూరేవాళ్లు, మోగకపోతే మేసేవాళ్లు. పిల్లలైతే చెవులు వెనక్కి వాల్చేసుకుని తిరిగేవాళ్లు. ఇంట్లో ఎవరూ చప్పుడు వినడమే మానేశారు.

ఎండలు ముదిరాక ఒకనాటి పొద్దున నాంచారి గురవయ్యకి రేగుపళ్లు ఇచ్చి తిరిగొస్తంటే, చిరుత వాళ్ల గుమ్మం ముందే ఉంది. చిన్నదాని మీద పంజా వేసింది. పిల్ల ఎట్లాగో లోపలికి జారిపోయింది గాని, చెవి కొస చీరుకుపోయింది. చిరుత కాసేపు గుమ్మం గీరి పోయింది. తల్లి లోపలికొచ్చి పిల్ల చెవి నాకుతా ఉంటే, అప్పుడు మోగినాయి కాయలు. గలగల గలగల.

నాంచారి తిన్నగా మద్దిచెట్టు కిందికి పోయింది.

"ఏరా కోటిగా, కళ్లు మూసుకుని కూర్చున్నావా?"

కొండముచ్చు కోటి తల గోక్కున్నాడు. "నన్నేం చెయ్యమంటావు వదినా? నాకున్నయి రెండు చేతులు. మామ గుట్ట మొత్తానికీ తీగలు కట్టాడు. ఆ చివర నుంచి ఒక్కోటీ లాక్కుంటా రావాలి. మీదే ఆఖరుది."

"ఆ సంగతి మామకి చెప్పలేదూ?"

"చెప్పా. చేతులు గబగబా ఆడించమన్నాడు."

అక్కణ్ణుంచి గురవయ్య ఇంటికి పోయింది. గుమ్మంలో చిలకని కూర్చోబెట్టాడు. ఎవరొచ్చినా అది ఒకటే పాట.

"మీ బాధ మాకు తెలుసు. కాసేపు ఆగండి."

"మామ లోపల ఉన్నాడా?"

"మీ బాధ మాకు తెలుసు. కాసేపు ఆగండి."

"నా బాధ నీకేం తెలుసే? చెప్పు చూద్దాం!"

"కాసేపు ఆగండి."

నీడ ఇటునుంచి అటు తిరిగాక గురవయ్య ఆవలిస్తా బయటికొచ్చాడు. అంతా విని, "తీగ ఒకసారి విప్పి మళ్లీ కట్టి చూశావా?" అన్నాడు.

"విప్పితే పిల్ల చెవి అతుక్కుంటదా మామా? నాకొద్దు నీ తీగ. తీసేసుకో."

"తీసేసుకుంటా. కలుగు ఎప్పుడు ఖాళీ చేస్తావ్?"

నాంచారి లోపల లెక్క వేసుకుంది. తొలకరికి ఇంకో నెలే ఉంది. చిన్న పిల్లలు. వానకి ముందు కొత్త కలుగు తవ్వాలంటే ఈ రాతినేలలో అయ్యే పనేనా? తీగ ఉంచుకుంటే అన్నాళ్లూ పొద్దున్నే పిల్లల్ని వదిలి రేగుపళ్లకి పోవాలి. తీసేస్తే ఇల్లు పోద్ది.

"చిరుత వాగు దాటకముందే మోగుద్దన్నావుగా?"

"మోగే ఉంటది. మీరే మొద్దునిద్ర పోయుంటారు. అది మీ ఇంట్లో లోపం, నా తీగలో కాదు."

నాంచారి ఇంటికొచ్చి ఏడవలేదు. ఏడిస్తే చెవుల్లో ఆ చప్పుడే ఉంటది, బయటిది వినపడదు. గుమ్మంలో కూర్చుని, చాన్నాళ్లకి మళ్లీ చెవులు నిలబెట్టింది. మొదట ఏమీ తెలియలా, అంతా ఒకటే రొద. మర్నాటికి కాస్త విడివిడిగా వినపడ్డాయి. తర్వాత తెలిసింది, పైన మడుగు ఎండిపోయినట్టుంది, చిరుత ఇప్పుడు మిట్టమధ్యాహ్నం పూట కూడా వాగుకి వస్తంది. ఆ సంగతి గురవయ్యకి తెలియదు. రేగుపళ్లు ఇంటికే వస్తుంటే అతనికి వాగు దాకా పనేముంది?

అప్పుడు తాబేలు తాతని పిలుచుకుని, గుట్ట వాళ్లందరూ వింటుండగా గురవయ్యని అడిగింది.

"మామా, లోపం మాదే అంటున్నావ్. నిజమే అయ్యుంటది. ఇవాళ నువ్వే మా గుమ్మంలో కూర్చో. తాత సాక్షి. తీగ నువ్వు చెప్పినట్టు ముందే మోగితే కలుగు ఇచ్చి పోతా, ఒక్క మాట మాట్లాడను."

"ఎప్పుడు కూర్చోమంటావ్?"

"ఎప్పుడో ఎందుకు, ఇప్పుడే. మిట్టమధ్యాహ్నం చిరుత ఎటూ రాదుగా, నీకేం భయం?"

"నాకు భయమా!" అని గురవయ్య నవ్వాడు. అందరూ చూస్తన్నారు. కాదంటే పరువు పోద్ది. వచ్చి గుమ్మంలో కాళ్లు చాపుకుని, తోక మీద తల పెట్టుకున్నాడు. పక్కన తాత. పిల్లలు లోపల. నాంచారి దొడ్డిదారి బొరియ దగ్గర గడ్డి కొరుకుతా ఉంది. మిగతా వాళ్లు ఎవరి గుమ్మాల్లో వాళ్లు నిలబడ్డారు.

"చల్లటి చోటమ్మాయ్ ఇది," అన్నాడు గురవయ్య గుమ్మం తడుముతా. "గోడలు కూడా గట్టిగానే ఉన్నాయి. నేనొచ్చాక ఆ మూల..."

కింద వాగు దగ్గర ఎండాకు ఒకటి నలిగింది. నాంచారి చెవి అటు తిరిగింది. ఇంకోటి నలిగింది, ఈసారి వాగుకి ఇవతల. ఆమె గడ్డి కొరకడం ఆపింది. గురవయ్యనే చూస్తంది.

అతని చెవి అదిరింది. మరుక్షణం గుమ్మంలో నక్క లేదు. తంగేడు పొదలు తొక్కుకుంటా, రాళ్లు దొర్లించుకుంటా పోతన్నాడు. నాంచారి బొరియలోకి జారింది. తాత తల డిప్పలోకి లాక్కున్నాడు. చిరుత వచ్చి, డిప్పని ఒకసారి కాలితో తోసి, తినడానికేమీ లేదని దాని దారిన అది పోయింది.

అది పోయిన తర్వాత, తీరిగ్గా, గలగల గలగల.

కాసేపటికి గురవయ్య దుమ్ము దులుపుకుంటా వచ్చాడు. "విన్నారా! మోగిందా లేదా?"

"మోగింది," అన్నాడు తాత నిదానంగా. "నువ్వు ఎప్పుడు లేచి పోయావ్?"

"నేనా? ఏదో పని గుర్తొచ్చి..."

"మోగకముందా, మోగాకా?"

గురవయ్య కాలితో మట్టి గీశాడు.

"చిరుత వాగు దాటిందని నీకు తెలిసింది గురవయ్యా. నీ తీగకి తెలియలా. రాతి మీద కాలు పెట్టింది ఆ అమ్మాయి ఒక్కతే కాదు. నువ్వు కూడా పెట్టావ్. ముందు తీసింది నీ కాలు. ఇంక ఆమెకి కట్టు లేదు. కలుగు ఊసెత్తకు."

నాంచారి తీగని చుట్టచుట్టి తెచ్చి గురవయ్య ముందు పెట్టింది. "నీ తీగ, నీ కాయలు. ఒక్క కాయ కూడా పగల్లేదు, చూసుకో."

గురవయ్య తీగ ఎత్తుకుంటా గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఇంకా లావుపాటి తీగ ఒకటొచ్చింది. నీకైతే ఆ రేగుపళ్లు కూడా సగమే..."

"మామా, ఒకటి అడుగుతా. మీ ఇంటికి పోయినప్పుడు చూశా. నీ గుమ్మంలో తీగ లేదేం?"

చుట్టూ ఉన్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. గురవయ్య చూడలా, వెళ్లిపోయాడు. సాయంత్రానికి చిలక ముందు పెద్ద గుంపే చేరింది, ఒక్కొక్కళ్ల చేతిలో ఒక్కో తీగ చుట్ట. చిలక అందరికీ అదే చెప్పింది, కాసేపు ఆగమని.

నాంచారి ఆ గుంపులో లేదు. గుమ్మంలో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టుకుంది. "చెవులు లేపండి. ఏం వినపడతంది?"

"ఏం లేదమ్మా," అన్నారు పిల్లలు.

"మళ్లీ వినండి."

చివరికి చెవి చిరిగిన చిన్నది అంది, "అమ్మా, వాగులో తాత తల బయటపెట్టాడు."

కట్టుబడిన మాట ఇద్దరిదైతే, ముందు తప్పినవాడికి ఇంకొకరిని అడిగే నోరుండదు.