ఎనిమిదో అర్జీ

మా వీరభద్రయ్య మాస్టారు రిటైరై పన్నెండేళ్లయినా హాజరు పిలవడం మానలేదు. ఆదివారం పొద్దున్నే ఆయన వసారాలో చేరే పాత శిష్యులం, ఇప్పుడు తలో బళ్లో పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లం, పేరు పిలవగానే "హాజరు మాస్టారూ" అనాల్సిందే. పలకడం ఆలస్యమైతే ఆ రోజు కాఫీ లేదు. ఇక ప్రశ్న అడిగితే ఠక్కున జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చూద్దాంలే" అంటారు. చూస్తారు కూడా.

ఆ ఆదివారం అడిగినవాడు దయాకర్. నేనూ అతనూ ఒకే హైస్కూల్లో పని చేస్తాం. నాది ఆరో తరగతి, అతనిది ఏడు బి. ఏడు ఎ హైమావతి టీచర్‌ది. ఆ రెండు గదులకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. అటు చీమ చిటుక్కుమన్నా ఇటు వినిపిస్తుంది.

"మాస్టారూ, ఆవిడ బెత్తం పట్టదు, గొంతెత్తదు. బల్ల మీద డస్టరుతో ఒక్కసారి కొడితే నలభై మందీ నోళ్లు మూస్తారు. నేనూ అలాగే కొడుతున్నాను. నావాళ్లు వెనక బెంచీల మీద తాళం వేస్తున్నారు! నాలో ఏం తక్కువండీ?" అన్నాడు దయాకర్. "ఏడుగురు పిల్లలు ఆవిడ సెక్షన్‌కి మార్చమని అర్జీలు పెట్టుకున్నారు. శుక్రవారం సంతకం చేస్తానన్నారు హెడ్మాస్టరు. ఆ ఏడుగురూ పోతే పిల్లలు చాలరని నా సెక్షన్ ఎత్తేసి మిగతావాళ్లనీ ఆవిడకే అప్పగిస్తారు. నన్ను ఏ మండలానికి తోలేస్తారో. ఆవిణ్ణి చూస్తే కడుపు రగిలిపోతోంది, అబద్ధమెందుకు?"

"చూద్దాంలే," అన్నారు మాస్టారు.

బుధవారం చూశారు. హెడ్మాస్టరు అనుమతి తీసుకుని వచ్చి, ఏడు బిలో వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా ఆయన శిష్యుణ్ణి నేను. నా తరగతి గడప ఒక్కనాడూ తొక్కలేదు! నాకు ఒంటికి కారం రాసినట్టయింది. నా పిల్లలకు పదహారో ఎక్కం పదిసార్లు రాయమని చెప్పి, వరండాలోకి వచ్చి ఏడు బి కిటికీ పక్కన నిలబడ్డాను.

దయాకర్ సరంజామా చూసి ముందు నవ్వొచ్చింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, హైమావతి టీచర్ దగ్గర ఉన్నవన్నీ అతనూ అమర్చుకున్నాడు. సుద్దముక్కలకి గాజు సీసా, హోంవర్కు పుస్తకాలు కట్టడానికి ఎర్రదారం, గోడ మీద వంతుల పట్టిక. సీసాలో సుద్దముక్క లేదు. దారం కింద పుస్తకాలు దిద్దకుండానే ఉన్నాయి. పట్టిక ప్రకారం ఆ వారం బోర్డు తుడవాల్సిన ఇద్దరూ ఏడు ఎ పిల్లలు! ఆవిడ పట్టిక ఎక్కించుకునేటప్పుడు పేర్లు మార్చడం మరిచిపోయాడు మహానుభావుడు. బోర్డు మీద నిన్నటి సాంఘికశాస్త్రం అలాగే ఉంది.

ఆ పక్కనే కాస్త చోటు చేసుకుని భిన్నాల కూడిక మొదలుపెట్టాడు. పక్క గదిలో నవ్వులు వినిపించాయి. అతని చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. నవ్వులు చప్పున ఆగాయి. అతని మొహం ఇంకా మాడింది. అతని తల గోడవైపు తిరిగినప్పుడల్లా ఇక్కడ కాగితం ఉండలు ఎగిరాయి. పిల్లలు గడుసువాళ్లు, అదను కనిపెట్టేశారు.

మాస్టారు లేచి బల్ల మీది రిజిస్టరు తీసుకున్నారు. హాజరు పిలవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరూ చదివి, తలెత్తి, పలికిన మొహం చూశాక గాని తర్వాతి పేరుకి పోలేదు. పదో పేరు వచ్చేసరికి గది సద్దుమణిగింది. ముప్పై నాలుగు పేర్లూ అయ్యాక, రిజిస్టరులో లేని పేరొకటి పిలిచారు.

"దయాకర్."

పలుకు లేదు. సరిగ్గా అప్పుడే పక్క గదిలో చప్పట్లు మోగాయి. దయాకర్ గోడ దగ్గరికి జరిగి చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"దయాకర్," అని ఇంకోసారి పిలిచారు.

ముందు బెంచీలోంచి మంగతాయారు అనే పిల్ల లేచింది. అర్జీ పెట్టిన ఏడుగురిలో ఆ పిల్ల ఒకతి. వెక్కిరింపేమీ లేదు, బడికి రాని పిల్లల సంగతి చెప్పే గొంతుతోనే చెప్పింది.

"సార్ ఏడు ఎలో ఉన్నారండీ. రోజూ అక్కడే ఉంటారు."

ఎవరూ నవ్వలేదు. దయాకర్ ఇటు తిరిగాడు. అతని మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

మాస్టారు రిజిస్టరు అతని చేతిలో పెట్టారు. "ఏడు అర్జీలన్నావు కదోయ్. నా లెక్కకి ఎనిమిది తేలాయి. అన్నిటికంటే పాతది నీదే."

దయాకర్ రిజిస్టరు తెరిచి, మొదటి పేరు మీద వేలు పెట్టాడు. "అమ్మాజీ," అని పిలిచి, తలెత్తి ఆ పిల్లని చూశాడు.

అటు నా గదిలోంచి చేపల బజారు గోల వరండా అంతా వినిపిస్తోంది. నేను మెల్లగా జారుకోబోయాను. మాస్టారు చెప్పులు తొడుక్కుంటూ, కిటికీ వైపు చూడకుండానే అన్నారు.

"ఆరో తరగతి పంతులూ ఇక్కడే ఉన్నట్టున్నాడే. వీడికి ఏ రిజిస్టరులో వేద్దాం హాజరు?"