పడ్డ బండికి వైద్యం

బండ్లు పెట్రోలుతోనూ ప్రెసిడెంట్లు పొగడ్తలతోనూ నడిచే కాలంలో, నల్లకుంటపల్లెలో దస్తగిరి అనే మెకానిక్కు ఉండేవాడు. పంచాయతీ స్థలంలో ఒక రేకుల షెడ్డు, అదే అతని బతుకు.

ఒకరోజు ప్రెసిడెంటు పట్టాభిరామయ్య మోటార్‌సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. కిందికి పెట్రోలు ధారగా కారుతోంది.

"నిన్న నువ్వు ముట్టుకున్నావు, ఈరోజు కారుతోంది. సాయంత్రానికల్లా నీ షెడ్డు పీకిస్తా!" అని పదిమందిలో అరిచాడు.

"బండి ఎక్కడైనా పడిందా అయ్యా?"

"నేను నడిపే బండి పడుతుందిరా? ముప్పై ఏళ్లలో ఒక్కసారీ పడలేదు!"

ఎడమ హ్యాండిల్‌కు అంటిన పచ్చి బురదను దస్తగిరి చూశాడు. దాని ఊసెత్తలేదు.

"పడకుండానే కారుతోందంటే తప్పు నాదే. బండి మొత్తం విప్పి వెతకాలి, వారం పడుతుంది. పడినందుకు కారుతుంటే మాత్రం అర నిమిషం పని. ఏ వైద్యం చెయ్యమంటారు?"

పదింటికి మంత్రిగారికి దండ వెయ్యాలి. అప్పటికే తొమ్మిదిన్నర. ప్రెసిడెంటు అటూ ఇటూ చూశాడు.

"వంక దగ్గర కొంచెం ఒరిగిందిలేరా."

"ఒరిగిందా, పడిందా అయ్యా?"

"పడింది! చాలా?"

పదిమందీ విన్నారు. దస్తగిరి స్క్రూడ్రైవర్ పిడితో కార్బురేటర్ మీద రెండు దెబ్బలు కొట్టాడు. పెట్రోలు పొంగకుండా ఆపే ఫ్లోటు లోపల ఇరుక్కుపోయిందల్లా కదిలి, ధార ఆగిపోయింది. ఇక షెడ్డు మాట ఎత్తడానికి ప్రెసిడెంటుకు నోరు రాలేదు.

బండెక్కాక మాత్రం ఉండబట్టలేక, "పడలేదనే అనివుంటే ఏం చేసేవాడివిరా?" అని అడిగాడు.

"అప్పుడూ ఈ రెండు దెబ్బలే అయ్యా. కాకపోతే వచ్చే వారం కొట్టేవాణ్ణి."