తిరుగు చీటీ

జనం ఏరు దాటి వలసపోతున్నారని రేవు అధికారి వీరభద్రయ్య బుర్ర బద్దలుకొట్టుకుని ఓ కట్టుబాటు పెట్టాడు. పడవలో పోవడానికి మాత్రమే అయితే మూడు కాసులు, పోయి రావడానికి రెండే. చాపలల్లే పైడితల్లి రెండు కాసుల చీటీ కొని, అవతలి ఒడ్డున కూతురింట్లో ఉండిపోయింది.

వీరభద్రయ్య మండిపడ్డాడు. పడవేసుకుని వెళ్ళి, ఆమెను వెంటబెట్టుకొచ్చి రాజుగారి ముందు నిలబెట్టాడు.

"తిరిగి వస్తానని చీటీ కొని రాలేదు ప్రభూ. చెరసాలలో వేయించండి."

"వచ్చాను కదండీ, తమరి పడవలోనే," అంటూ పైడితల్లి చీటీ అతని చేతిలో పెట్టింది. "ఇక నన్ను కూతురింట్లో ఎవరు దింపుతారు?"

"తీసుకొచ్చినవాడే, సొంత ఖర్చుతో," అన్నాడు రాజు.

రేవులో వీరభద్రయ్య అటూ ఇటూ చూసి, ఆమెకు రెండు కాసుల చీటీయే కొన్నాడు.