మగ్గాల వీధిలో ఆరిన పొయ్యి

"ఎవరు వెలిగించారే ఆ పొయ్యి? వీధిలో శవం లేవకముందే అన్నం వండుతారా? బుద్ధుందా?"

కేక మగ్గాల వీధి మొదట్లోకే వినపడింది. అప్పుడే ఆటో దిగిన డాక్టర్ మేఘమాల అక్కడే ఆగిపోయింది. పక్కనే ఆమె గురువు విశ్వపతిగారు. ఆయన అలవాటేమిటంటే, అడిగినదానికి వార్డులో జవాబు చెప్పరు; చెప్పులేసుకుని "పద" అంటారు, అంతే. పొద్దున ఆమె అడిగింది: "గుండె ఆగిపోతే మళ్ళీ కొట్టుకునేలా చేశామే, ఆ తిరుపాలు రెండో రోజుకీ కళ్ళు తెరవలేదు. ఇక లాభం లేదని ఇంట్లోవాళ్ళకి చెప్పేశాను. వట్టి ఆశ పెట్టడంకన్నా నయమే కదా సార్?" ఆ ప్రశ్నే ఇద్దరినీ ఇక్కడికి తెచ్చింది.

కేకేసింది తిరుపాలు అన్న చెంచయ్య. తిరుపాలు ఇంటి వాకిట్లో పాడెకని పచ్చి వెదుళ్ళు కొట్టి పెట్టేశారు. చంటిదానికి గంజి కాస్తున్న ఎదురింటావిడ బిక్కమొహం వేసి పొయ్యిలో నీళ్ళు చల్లుతోంది. అరుగుమీద కూర్చున్న తిరుపాలు భార్య అంకమ్మ నిన్నటినుంచి గుక్కెడు నీళ్ళు ముట్టలేదు.

"ఎవరయ్యా శవం?" అన్నారు విశ్వపతిగారు.

"మా తమ్ముడేనండీ. సాయంత్రం ఊపిరి మిషన్ తీయించి ఇంటికి తెచ్చేసుకుంటాం. లాభం లేదని ఈ డాక్టరమ్మగారే అన్నారుగా!"

అప్పుడు చూడాలి ఆయన మొహం! నిప్పులో ఉప్పు పడ్డట్టు చిటపటలాడింది.

"అమ్మాయ్, నిద్రమందిచ్చి పడుకోబెట్టింది మనమే. మెదడు దెబ్బతినకుండా ఒళ్ళు చల్లబరిచిందీ మనమే. ఆ మందింకా ఒంట్లోంచి దిగనేలేదు, లేవలేదని తీర్పిచ్చేశావా? నువ్వు జోలపాడి నువ్వే పాడె కట్టిస్తావా?"

మేఘమాల తల ఎత్తలేదు.

అంకమ్మ మెల్లిగా లేచింది. "అయితే లేస్తాడా బాబూ?"

"తెలీదమ్మా. మందు పూర్తిగా దిగాలి, ఆ తర్వాత ఇంకో మూడు రోజులు చూడాలి. అప్పుడైనా ఒక్క పరీక్షతో తేలదు. లేవకపోవచ్చు కూడా. ఇవాళ మాత్రం ఎవరికీ తెలీదు."

అంకమ్మ బావగారి వైపు తిరిగి, "ఆ వెదుళ్ళు అవతల పారేయండి. మిషన్ ఎవరూ ముట్టుకోవద్దు," అని లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది. దాంతో వీధంతా పొయ్యిలు వెలిగి పొగలు లేచాయి.

వేడివేడి అన్నం, పప్పుచారు. అందరూ వరసగా కూర్చున్నారు, చెంచయ్యతో సహా. మేఘమాల మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నువ్వూ కూర్చో తల్లీ," అంటూ అంకమ్మే విస్తరి వేసింది.

ముద్ద కలుపుతూ విశ్వపతిగారన్నారు: "తెలియదని చెప్పడం నేర్చుకో అమ్మాయ్. ఆ మాటకి ఎవరి పొయ్యీ ఆరదు."