పోయొస్తానన్న లొట్టపీసు

ఒకప్పుడు ఏటి ఒడ్డంతా రెల్లవ్వదే. అప్పట్లో ఆమె తల నల్లగా నిగనిగలాడేది. ఆమె పిల్లలు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఊగుతుండేవి.

ఒక వానాకాలం వరదలో ఎక్కడిదో ఓ పుల్ల కొట్టుకొచ్చి ఒడ్డుకు తగిలింది. పేరు లొట్టపీసు. పేరుకు తగ్గట్టే లోపలంతా బోలు.

"అవ్వా, వరద తీసేదాకా ఇంత చోటివ్వు," అంది.

రెల్లవ్వకు మర్యాద పిచ్చి. "అయ్యో, ఒడ్డుకొచ్చిన చుట్టం. జరగండి పిల్లలూ," అని తన పిల్లల్ని వెనక్కి నెట్టి, నీటి పక్కనే చోటిచ్చింది.

వరద తీసింది. చుట్టం కదల్లేదు. పైగా ఊదారంగు పువ్వులు పూసింది. తుంగ, జమ్ము ఎగబడి చూశాయి. "పువ్వంటే అదీ. మనమూ ఉన్నాం ఎందుకూ," అని నిట్టూర్చాయి. పొరుగింటి పుల్లకూర రుచి కదా మరి.

మేక ఒక్కటే ఓ ఆకు కొరికి ఉమ్మేసింది. "నాకే సయించలేదంటే ఆలోచించుకోండి," అంది. మేక మాట ఎవరు వింటారు?

చివరికి ఏకు మేకై కూర్చుంది. ఈ మేకు ఆ మేక కాదులెండి. లొట్టపీసు కొమ్మ వంగి నేలను తాకిన చోటల్లా ఇంకో లొట్టపీసు లేచింది. రెల్లు పిల్లలు జరిగి జరిగి ఎండు ఇసుకలో పడ్డాయి. అన్నిటికన్నా చిన్నది పసుపు పచ్చగా వడలిపోయి, "అవ్వా, దాహం," అంది.

మళ్ళీ వానలొచ్చాయి. ఏరు పొంగి వచ్చింది. "అవ్వా, దీన్ని తెచ్చింది నేనే, తీసుకుపోయేదీ నేనే," అని లొట్టపీసును వేళ్ళతో సహా పెళ్ళగించింది.

లొట్టపీసు కూడా ఆశ వదులుకుంది. "ఇక పోతానవ్వా," అంది తల వేలాడేసి.

తుంగ, జమ్ము కూడా పక్కకు ఒరిగి దారిచ్చాయి.

రెల్లవ్వ చెవులు మూసుకుంది. "అదేం మాట? చుట్టాలెవరైనా పోతానంటారా? పోయొస్తాననాలి."

"అననీ అవ్వా," అని మేక బతిమాలింది.

"నువ్వూరుకో. అపశకునం మాటతో సాగనంపితే నలుగురూ ఏమనుకుంటారు? అను నాయనా."

లొట్టపీసు ఒక్క క్షణం అవ్వ మొహంలోకి చూసింది. "పోయొస్తా," అంది.

"చల్లగా పోయి రా," అంది అవ్వ.

అప్పటినుంచే, లొట్టపీసును ఎంత నరికి ఏట్లో పారేసినా, ఏ ఒడ్డుకు తగిలితే ఆ ఒడ్డున మళ్ళీ చిగురిస్తుంది. ఆ దిగులుతోనే రెల్లవ్వ తల తెల్లబడింది. వానలు వెనకపట్టగానే చూడండి, నీళ్ళకు దూరంగా ఇసుకలో తెల్లగా ఊగుతుంటుంది. లొట్టపీసును మాత్రం తప్పు పట్టలేం. అది మాట తప్పే రకం కాదు.